రంగుల కుళ్ళాయప్ప

ఉరవకొండలో నా ఇల్లు అడగాలంటే
ఇంటిపేరు అక్కర్లేదు.
రంగుల కుళ్ళాయప్ప అంటే చాలు
బస్టాండులో సోడా కొట్టే పిల్లోడు దారి చూపిస్తాడు.
నా కొంగు మీద నెమలి దిగితే
షావుకారు వీరభద్రప్ప గాజుబల్ల మీద చీర పరిచి
"మనిషి కండ్లు కావప్పా వానివి" అంటాడు.
నిజమే.
చూసింది నా కండ్లు కాదు.

నాకు ఎరుపు తెలీదు, పచ్చ తెలీదు.
రెండూ ఒకటే,
తడిసిన గోనెపట్టా.

ఎనిమిదేండ్లప్పుడు నాయన ఎర్రకండె తెమ్మంటే
పచ్చది తెచ్చిచ్చినా.
నాయన కొట్టలేదు. నవ్వినాడు.
పక్కింటోళ్లను పిలిచి మళ్లా నవ్వినాడు.
ఆ పొద్దు నుంచి
అద్దకమోళ్ల చీటీ చూసి, ఎవురూ లేనప్పుడు
దారం కొసకు ముడి వేసుకుంటా.
ఒక ముడి ఎరుపు. రెండు ముళ్లు పచ్చ.
ఏది ముదురో ఏది లేతో
అదొక్కటే నా కంటికి ఆనేది.
దాని లెక్కతోనే అంచుకు అంచు కుదిరిస్తి.
ఊరు దాన్ని కళ అనింది.
అనుకోనీలే అనుకున్నా.
వాళ్లు అనుకోంగ అనుకోంగ
నేనూ అనుకున్నా.

పెండ్లిచూపుల్లో అంజినమ్మ ఏ రంగు చీర కట్టిందిరా
అని మా యక్క అడిగితే
"బాగుండాది" అన్నా.
ఇరవై ఆరేండ్లుగా అదే మాట మీద సంసారం.

మొన్న బేస్తవారం
పిల్లి దుంకి కండెల గంప బోర్లపడె.
కొత్త దారం. ముళ్లు ఇంకా వేయలా.
చీటీలు ఒక పక్క, కండెలు ఒక పక్క.
గుంటలో కాళ్లు పెట్టుకోని మొద్దు మాదిరి కూచున్నా.
ఆరేండ్లుగా నా కుడిపక్క మగ్గం నేసే
బాబా ఫక్రుద్దీన్
"ఏందన్నా, నిలిపితివే" అన్నాడు.

మామూలుగా అయితే నాడె తట్టుకుందంటా.
జరీ తెగిందంటా.
నా అబద్ధాలు కూడా కండెల మాదిరే,
వరస తెలుసు, చీకట్లో కూడా చెయ్యి పోతుంది.
ఆ పొద్దు చెయ్యి పోలే.
వాని మొగం చూడకుండా, పన్నెను చూస్తా
చెప్పినా.
మెల్లగా చెప్పినా,
నాయన నవ్వు కాడి నుంచి అంజినమ్మ చీర దాకా.
పాదాల కింద తొక్కుడుచెక్కలు
వాటంతటవే కొట్టుకున్నాయి.

వాడు "ఊ" అన్నాడు.
ఇంకొంచేపటికి "ఊ" అన్నాడు.
వాని నాడె అటొకసారి ఇటొకసారి పోయొచ్చె.
ఉన్నట్టుండి మగ్గం నిలిపి
మెడంతా నా పక్క తిప్పి అన్నాడు:
"అన్నా, ఎవురికీ చెప్పొద్దు.
నాకు ఎడమ చెవి వినపడదు.
ఎదురింట్లో పవర్‌లూములు పెట్టిన కాడి నుంచి అంతే.
ఇన్నేండ్లూ నువ్వు ఏం చెప్పినా ఊరికే ఊ కొట్టినా.
ఇప్పుడేదో పెద్దదే చెప్పినట్లుండావు.
మళ్లా చెప్పు."

మళ్లానా!
నలభై ఏండ్లు మోసింది ఒకసారి దించేదానికే
నడుము ఇరిగిపాయె.
గుంటలోంచి లేచి, మగ్గాలు చుట్టుకోని పోయి
వాని కుడిచెవి పక్కన నేల మీద కూచుంటి.
ఈసారి గట్టిగా చెప్పాల్సొచ్చె.
ముందు గొంతు పూడిన కాడ
ఇప్పుడు నవ్వొచ్చె.
ఎవడో ఒక పిల్లోడు
ఎర్రకండె అనుకోని పచ్చకండె పట్టుకోని
గుమ్మంలో నిలబడుకోని ఉండాడు,
పాపం, ఇంకా అట్లనే నిలబడుకోని ఉండాడే అనిపించె.

వాడు అయ్యో అనలేదు.
ఒక్కొక్క కండె ఎత్తి
"ఎరుపు. పచ్చ. పచ్చ. ఎరుపు"
అని నా చేతిలో పెట్టినాడు,
వీధంతా వినపడేట్ల.
"మెల్లగా రా" అంటే
"ఏందీ?" అన్నాడు.

రాత్రి అంజినమ్మ
చాటలో టమేటాలు పోసుకోని కూచునింది.
"పండినవి ఏరు. నొక్కి చూడాకు,
పాడైతాయి" అనింది.
నేను ఎప్పుడూ నొక్కే చూస్తా.
ఒక కాయ ఎత్తుకోని
ఏ చెవి పక్క కూచుండాలో కాసేపు ఆలోచించి
కూచుని
"ఇది పండిందా?" అని అడిగినా.

ఆమె చేతిలోని కాయ చాటలో పెట్టి
కొంగుతో చేతులు తుడుచుకోని
నా పక్కకు తిరిగె.